బార్బడోస్‌లో గది వేట: ఏడు రాత్రులు, మూడు ఇళ్లు

బయల్దేరే ముందు

కరీబియన్ దీవి బార్బడోస్ వెళ్తున్నామనగానే న్యూజెర్సీలోని ఎడిసన్‌లో మా స్నేహితులంతా ఒకటే మాట అన్నారు. అది డబ్బున్నవాళ్ల దీవి, మనలాంటివాళ్లకు డొమినికన్ రిపబ్లిక్‌లో ఆల్ ఇన్‌క్లూజివ్ రిసార్టే నయమని. లెక్క ప్రకారం వాళ్లు చెప్పింది నిజమే. కానీ రిసార్టులో మా అమ్మ ఏం తింటుంది? తెనాలి నుంచి ఆర్నెల్ల కోసం వచ్చిన అమ్మ గుడ్డు కూడా ముట్టదు. బఫే ముందు పళ్లెం పట్టుకుని "ఇందులో ఏం వేశారో అడుగమ్మాయ్" అంటూ ఉంటే వారం రోజులు సమాధానాలు చెప్పడం నావల్ల కాదు. పైగా మా ఆయనకు కెన్సింగ్టన్ ఓవల్ పిచ్చి. 2024 జూన్ 29న మనవాళ్లు టీ20 ప్రపంచకప్ గెలిచింది అక్కడే.

ఇండియన్ పాస్‌పోర్టుతో టూరిస్టుగా వెళ్తే బార్బడోస్‌కి వీసా అక్కర్లేదు. మళ్లీ అమెరికాలోకి రావడమే అసలు సంగతి. మా ఇద్దరి హెచ్1బి స్టాంపింగులకీ, అంటే పాస్‌పోర్టులోని అమెరికా ఉద్యోగ వీసా ముద్రలకీ, ఇంకా గడువు ఉంది కాబట్టి టెన్షన్ లేకుండా టికెట్లు తీశాం. స్టాంపు గడువు తీరిపోయినా కెనడాకో మెక్సికోకో కొద్దిరోజులు వెళ్లొచ్చే వెసులుబాటు ఉంది కదా, హెచ్1బి వాళ్లకు అది ఈ దీవులకు వర్తించదు. ఆ సంగతి తెలియక టికెట్లు కొని రద్దు చేసుకున్నవాళ్లు మా అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు.

మే నెల ఎంచుకున్నది రేట్ల కోసం. డిసెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా చలిదేశాలవాళ్లంతా అక్కడే ఉంటారు. వాళ్లు వెళ్లిపోయాక గదుల ధరలు దిగుతాయి. జూన్ వచ్చిందంటే తుఫానుల సీజన్ మొదలు. మధ్యలో మిగిలింది మే.

గది వెతకడం నా పని. సైట్లో ధర తక్కువ ఉన్నవి ముందు చూపించమని నొక్కి, మొదటి పేజీలోంచే ఒకటి తీశాను. రాత్రికి 62 డాలర్లు. సముద్రం కనిపిస్తుందట, బీచ్‌కి పదిహేను నిమిషాలట. ఇంకేం కావాలి? ముందు రెండు రాత్రులకే తీసుకుని, నచ్చితే పొడిగిద్దాం అనుకోవడం ఒక్కటే నేను చేసిన తెలివైన పని.

ఆదివారం

న్యూయార్క్ నుంచి దాదాపు ఐదు గంటలు. దిగేసరికి మధ్యాహ్నం రెండున్నర. ఇక్కడ టాక్సీలకు మీటర్లుండవు. ఎక్కడికి ఎంతో ప్రభుత్వం నిర్ణయిస్తుంది. మా డ్రైవరు "అరవై" అన్నాడు. మా ఆయన అరవై అమెరికన్ డాలర్లు తీసిచ్చాడు. ఆ పెద్దమనిషి నవ్వి సగం వెనక్కిచ్చేశాడు. ఇక్కడి డాలరు వేరు. 1975 నుంచీ ఒక అమెరికన్ డాలరుకు రెండు బార్బడోస్ డాలర్లు, అది మారలేదు. అమెరికన్ నోట్లు ఎక్కడైనా తీసుకుంటారు, చిల్లర మాత్రం వాళ్ల డబ్బుల్లో ఇస్తారు. రెండిటికీ గుర్తు ఒకటే కాబట్టి, గదికైనా కొబ్బరిబోండానికైనా "ఏ డాలరు?" అని అడిగి కదలాలి.

కారు చెరకు తోటల మధ్య నుంచి పైకి ఎక్కుతూనే ఉంది. సముద్రం వెనక్కి పోతోంది. అమ్మ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసి, ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడమే నాకు భయం వేసింది.

ఇల్లు శుభ్రంగానే ఉంది, ఇంటివాళ్లూ మర్యాదస్తులే. సముద్రం కనిపిస్తుందన్నదీ అబద్ధం కాదు. వరండా చివరికెళ్లి, మామిడి కొమ్మ పక్కకు జరిపితే దూరంగా నీలం పెన్సిలుతో గీత గీసినట్టు కనిపించింది. ఈ దీవిలో పదకొండు పారిష్‌లు, అంటే మన మండలాల్లాంటివి. వాటిలో సముద్రం తగలనివి రెండంటే రెండే. నేను ఏరికోరి వాటిలో ఒకటైన సెయింట్ జార్జ్‌లో గది తీశాను. బీచ్‌కి పదిహేను నిమిషాలంటే కారులో అని అర్థం. మాకు కారు లేదు.

ఆదివారం కావడంతో దగ్గర్లో ఉన్న ఒక్క కొట్టూ మూసేశారు. బస్సు గంటకోసారి వస్తుందన్నారు. గంటన్నర నిలబడ్డాం, రాలేదు. గదిలో ఉన్న వంటసామగ్రి ఒక మైక్రోవేవ్, రెండు గిన్నెలు. అమ్మ సంచిలోంచి అటుకుల చుడువా బయటికి తీసింది. రాత్రి భోజనం అదే. చీకటి పడగానే చుట్టూ చెట్లలోంచి సన్నగా ఈలలు మొదలయ్యాయి, వందలకొద్దీ. కీచురాళ్లనుకున్నాం. గోరంత ఉండే కప్పలట, ఈలకప్పలు. "ఇవైనా సముద్రానికి దగ్గరగా ఉన్నాయో లేదో కనుక్కో" అంది అమ్మ.

మా ఆయన పడుకునేముందు లెక్క వేశాడు. రాత్రికి 62 అన్నారు గానీ, క్లీనింగ్ ఫీజు, సైటు ఫీజు, లెవీ అన్నీ కలిపి రెండు రాత్రులకు 200 అయింది. ఎక్కడికి కదలాలన్నా టాక్సీ. చవకని తీసుకున్న గది రోజుకు 150 దాటేలా ఉంది.

సోమవారం

రెండో రాత్రి డబ్బు పోతే పోయిందని పొద్దున్నే సూట్‌కేసులతో రోడ్డెక్కాం. బస్సు వచ్చింది. ప్రభుత్వ బస్సులు నీలం రంగు, వాటిలో చిల్లర ఇవ్వరు, సరిగ్గా మూడున్నర బార్బడోస్ డాలర్లు డబ్బాలో వేయాలి. దీవిలో ఈ చివర నుంచి ఆ చివరికెళ్లినా అదే మూడున్నర. మరీ పెద్ద దీవేం కాదనుకోండి. పొడవు 34 కిలోమీటర్లు, దాదాపు తెనాలి నుంచి విజయవాడ.

బస్సెక్కిన ప్రతివాళ్లూ లోపలున్నవాళ్లకి "గుడ్ మార్నింగ్" చెబుతున్నారు. చెప్పకుండా కూర్చున్నది మేం ముగ్గురమే. తర్వాతి బస్సులో అమ్మ అందరికంటే గట్టిగా చెప్పింది.

రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో మారి జెడ్ఆర్ ఎక్కాం. తెల్లటి వ్యాను, నడుముకు మెరూన్ గీత, నంబరు ప్లేటు మీద జెడ్ఆర్ అక్షరాలు, అందుకే ఆ పేరు. మన షేర్ ఆటోకి పాటల పెట్టె కట్టి తోలితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. 11వ నంబరు దక్షిణ తీరం పొడుగునా సిల్వర్ శాండ్స్ దాకా పోతుంది. హేస్టింగ్స్, రాక్లీ, వర్దింగ్, సెయింట్ లారెన్స్ గ్యాప్, ఆయిస్టిన్స్ అన్నీ ఆ దారిలోనివే. మాలాంటి బడ్జెట్ వాళ్లు గది వెతకాల్సింది ఈ దారిలో. సైట్లో ధరలు చూస్తూ కూర్చున్నప్పుడు నేను మ్యాపులో బస్సు దారి చూడలేదు.

వర్దింగ్‌లో దిగి సూట్‌కేసులతో మా ఆయన్ని చెట్టు నీడన నిలబెట్టి, నేనూ అమ్మా సందులు తిరిగాం. సీజన్ అయిపోయింది కాబట్టి గేట్లకు ఖాళీ ఉందన్న బోర్డులు చాలానే కనిపించాయి. మొదటి చోట గది బాగుంది, కానీ పక్కనే బార్. రెండోది బేస్‌మెంటులా ఉంది, కిటికీ తెరిస్తే గోడ. మూడోచోట గేటు దగ్గర డెబ్బై ఏళ్ల ఆవిడ మొక్కలకు నీళ్లు పోస్తోంది. అమ్మ ముందుగా "గుడ్ మార్నింగ్" అంది. ఆవిడ పైపు కట్టేసి మాతో వచ్చింది.

పైన రెండు గదుల వాటా. అమ్మ మంచం వైపు చూడలేదు, తిన్నగా వంటింట్లోకి వెళ్లింది. నాలుగు బర్నర్ల గ్యాస్ పొయ్యి. మూడు గిన్నెలు, ఒక మందపాటి మూకుడు. పంపు నీళ్లు తాగొచ్చా అని అడిగితే ఆవిడ కాస్త నొచ్చుకుంది. ఈ దీవిలో ఎక్కువ భాగం పగడపు సున్నపురాయి, వాననీరు ఆ రాతిలో వడకట్టుకుని భూగర్భంలోకి దిగుతుంది. సీసాలు కొనాల్సిన పనే లేదంది. మేం వారమంతా పంపు నీళ్లే తాగాం. ఇక్కడ చాలా ఇళ్ల మీద సోలార్ హీటర్లుంటాయి, వేడినీళ్లకూ లోటు లేదు. ఏసీ కావాలంటే మాత్రం రోజుకు పది డాలర్లు అదనం, కరెంటు బాగా ఖరీదు. రెండువైపులా కిటికీలు తెరిస్తే గాలి దూసుకొస్తోంది కాబట్టి ఏసీ వద్దన్నాం. ఫ్యాను ఉంది. అది తిరిగేటప్పుడు టకటకమంటూ చప్పుడు చేస్తుందని మాకు రాత్రికి గానీ తెలియలేదు.

సముద్రం కనిపించదు. నాలుగు నిమిషాలు నడవాలి. అందుకే ఆవిడ రాత్రికి చెప్పిన 110 అమెరికన్ డాలర్లు ఇంకా తగ్గుతుందేమో అని అడిగాను. ఐదు రాత్రులకు నేరుగా నగదు ఇస్తే 90 అంది, అన్నీ కలిపి. మధ్యలో గురువారం మేం తూర్పు తీరంలో ఉండి వస్తామంటే, ఆ రాత్రికి డబ్బు వద్దు, సామాన్లు కింద స్టోర్ రూములో పెట్టుకోండి అంది. ఇది సైట్లో ఏ బటన్ నొక్కినా దొరకని సౌకర్యం.

నేను గొంతు సవరించుకుని, మా వంటకి తాలింపు వాసన వస్తుంది, పర్వాలేదా అని అడిగాను. న్యూజెర్సీలో అలవాటైన బెరుకు. ఆవిడ నన్ను వింతగా చూసి "వంటకి వాసన రాకపోతే అది వంటెందుకవుతుంది?" అంది. అమ్మకు తెలుగు చేసి చెప్పాను. గది అప్పుడే ఖాయమైపోయింది.

మంగళవారం

మా ఆయన రోజు. కెన్సింగ్టన్ ఓవల్ బయట క్రికెట్ దిగ్గజం గ్యారీ సోబర్స్ విగ్రహం దగ్గర అరగంట. ఫైనల్లో సూర్యకుమార్ బౌండరీ దగ్గర పట్టిన క్యాచ్ ఏ వైపో, రోహిత్ పిచ్ మీది మట్టి ఎక్కడ నోట్లో వేసుకున్నాడో అమ్మకి వివరిస్తున్నాడు. "అంత కష్టపడి గెలిచాక తుఫానులో ఇరుక్కున్నారు కదూ పాపం" అంది అమ్మ. నిజమే, బెరిల్ తుఫాను వల్ల విమానాశ్రయం మూసేస్తే జట్టు ఇక్కడే హోటల్లో ఉండిపోయింది. ఆ తుఫానుకి ఇక్కడి జాలరుల పడవలు ఎన్నో దెబ్బతిన్నాయి. సీజన్ కాని రోజుల్లో వచ్చేవాళ్లు గది తీసుకునేటప్పుడు రద్దు చేసుకుంటే డబ్బు తిరిగొస్తుందో లేదో చూసుకోవడం అందుకే. జూన్ నుంచి నవంబరు దాకా అయితే మరీను.

తర్వాత చీప్‌సైడ్ మార్కెట్. పేరు చూసి మురిసిపోయాం గానీ దిగుమతి సరుకు ఇక్కడ ఏదీ చవక కాదు. ఆపిల్ పండు జోలికి పోకూడదు. బెండకాయలు, చిలగడదుంపలు, అరటికాయలు, గుమ్మడి, సీమపనస మాత్రం కొనగలిగే ధరలో ఉన్నాయి. సూపర్ మార్కెట్లో అమ్మకి పొట్టు తీయని కందులు దొరికాయి. ఇక్కడివాళ్లు అన్నంలో కలిపి వండుకుంటారట. చింతపండు కనిపించలేదు, పంచదారలో దొర్లించిన చింతపండు ఉండలు దొరికాయి, పిల్లలు చప్పరించేవి. అమ్మ రెండు కరిగించి చారు పెట్టింది. బెల్లం ఎక్కువైన చారులా ఉంది. మూడుసార్లు వడ్డించుకున్నాం.

బుధవారం

ఈ దీవిలో బీచ్‌లన్నీ జనానివే. హోటల్ ఎంత పెద్దదైనా ఇసుక దానిది కాదు. ఈ సంగతి తెలిశాక సముద్రం ఎదురుగా ఉన్న గదికి డబ్బు పెట్టడం నాకు మరీ అనవసరమనిపించింది. పరీక్షించడానికి పడమటి తీరం వెళ్లాం. హోల్‌టౌన్ చుట్టుపక్కల ఉన్నవన్నీ కోటీశ్వరుల హోటళ్లు, కొన్నిట్లో రాత్రికి వెయ్యి డాలర్లు దాటుతుంది. రెండు గోడల మధ్య సందులోంచి నడిచి అదే ఇసుక మీద తువ్వాలు పరుచుకుని కూర్చున్నాం. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ డబ్బా విప్పి పులిహోర పెట్టింది. పక్కన గొడుగుల కింద ఉన్నవాళ్ల సముద్రమూ మా సముద్రమూ ఒకే రంగులో ఉంది.

ఒక్క జాగ్రత్త. ఒడ్డున కొన్ని చెట్లకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటుంది. అవి మాంచినీల్ చెట్లు, కాయలు విషం. వాన పడినప్పుడు వాటి కింద నిలబడినా ఒళ్లు పొక్కుతుంది. ఇంకొకటి, మిలిటరీ మచ్చల బట్టలు ఇక్కడ మామూలు జనం వేసుకోవడం నేరం. మా ఆయన నిక్కరు ఒకటి ఎడిసన్‌లోనే ఆగిపోయింది.

గురువారం

తూర్పు తీరంలోని బాత్‌షీబాకి బస్సులో గంట పైనే పట్టింది. దీవిని అడ్డంగా దాటి, ఆఖర్న ఒక్కసారిగా కిందికి దిగుతుంది. ఆ మలుపులో అట్లాంటిక్ కనపడగానే బస్సులో మేం ముగ్గురమే "అబ్బా" అన్నాం. మిగతావాళ్లు నిద్రలో ఉన్నారు. అడుగు భాగాన్ని అలలు కొరికేసిన పెద్ద పెద్ద బండలు పుట్టగొడుగుల్లా నీళ్లలో నిలబడి ఉన్నాయి.

ఇక్కడి గెస్ట్‌హౌస్ 120 డాలర్లు. మా మూడు ఇళ్లలో ఖరీదైనదీ, సౌకర్యం తక్కువదీ ఇదే. ఉప్పుగాలికి ఫ్రిజ్ పిడి తుప్పుపట్టింది, తలుపు గడియ కదలదు. దగ్గర్లో చెప్పుకోదగ్గ కొట్టు లేదు, సాయంత్రం తినడానికి దొరికింది మాకు చీజ్ పెట్టిన ఉప్పు బ్రెడ్డే. సముద్రంలో దిగే పని కూడా లేదు. లాక్కుపోయే ప్రవాహాలు, అది సర్ఫింగ్ చేసేవాళ్ల చోటు. ఒడ్డున సర్గాసం నాచు గోధుమ రంగులో మేట వేసి, కోడిగుడ్లు కుళ్లినట్టు కంపు. మే నెలలో తూర్పు తీరంలో గది తీసుకునేవాళ్లు ఈ నాచు సంగతి ఇంటివాళ్లని ముందే అడగాలి, ఫోటోల్లో అది ఉండదు.

రాత్రంతా గాలి. నేను నిద్రపోలేదు, మా ఆయన సణుగుతూనే ఉన్నాడు. తెల్లవారుజామున లేచి చూస్తే అమ్మ మంచం మీద లేదు. బయట అరుగు మీద కూర్చుని ఉంది. ఎదురుగా నీళ్లలోంచి సూర్యుడు లేస్తున్నాడు. అమ్మ దణ్ణం పెట్టుకుని, "పెళ్లయిన కొత్తలో మీ నాన్నతో సూర్యలంక వెళ్లినప్పుడు ఇలాగే చూశా" అంది. నాన్న పోయి నాలుగేళ్లయింది. నేను పక్కన కూర్చున్నాను. ఆ 120 గురించి మా ఆయన తర్వాత ఎప్పుడు మాట్లాడినా నేను వినిపించుకోలేదు.

అయినా కారు లేనివాళ్లకి అక్కడ ఒక్క రాత్రి చాలు.

శుక్రవారం

తిరిగి వర్దింగ్. సామాన్లు స్టోర్ రూములోంచి పైకి వచ్చేసి ఉన్నాయి. మధ్యాహ్నమంతా నిద్ర, ఫ్యాను టకటకల మధ్య.

శుక్రవారం రాత్రి ఆయిస్టిన్స్ చేపల సంతకి దీవిలో ఉన్న సగం మంది వస్తారనిపిస్తుంది. గదికి దగ్గర్లోనే కాబట్టి జెడ్ఆర్‌లో వెళ్లాం. పొగ, పాటలు, బల్లల మీద డామినోల చప్పుడు. మెనూ బోర్డు మీద "డాల్ఫిన్" అని చూసి అమ్మ మొహం మాడిపోయింది. "వీళ్లు మంచివాళ్లనుకున్నానే!" అంది. అది మాహి మాహి అనే చేప, ఇక్కడ దానికి ఆ పేరు, గెంతులేసే డాల్ఫిన్ కాదని చెప్పినా పూర్తిగా నమ్మలేదు. మేమిద్దరం కాల్చిన చేప తిన్నాం. అమ్మకి మాకరోని పై, వేయించిన అరటిపండు. చేపలు కాల్చిన ఇనప చట్రం మీద తన అరటిపండు వేయలేదు కదా అని నాతో మూడుసార్లు అడిగించింది.

శనివారం

ఇంటావిడ పైకి వచ్చి, ఈ రోజు కూకూ చేస్తున్నా, చూస్తారా అంది. మొక్కజొన్న పిండిని బెండకాయలు ఉడికించిన నీళ్లలో పోసి, బల్లపరుపుగా ఉన్న తెడ్డుతో ఆపకుండా తిప్పుతోంది. ఎగిరే చేప పులుసుతో కలిపి అది ఇక్కడి జాతీయ వంటకం. అమ్మ కాసేపు చూసి "ఇది రాయలసీమవాళ్ల సంకటే కదా" అని తెడ్డు అందుకుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. ఉండ కట్టకుండా తిప్పే విషయంలో మాత్రం ఇద్దరూ వాదించుకున్నారు, ఎవరి భాషలో వాళ్లు.

అమ్మకి చేప పులుసు పోయకుండా కొంచెం పక్కకి తీశారు. నంచుకోవడానికి ఆవిడ సొంతంగా చేసిన పెప్పర్ సాస్ ఇచ్చింది. పసుపు రంగు, ఘాటైన మిరపకాయలు, ఆవపిండి. అమ్మ వేలితో నాలుకకి రాసుకుని నావైపు తిరిగింది. "నూనె పోయడం మర్చిపోయారు గానీ, ఆవకాయే!"

బదులుగా అమ్మ కందుల పులుసు, బెండకాయ వేపుడు కిందికి పంపింది. గిన్నె ఖాళీగా పైకి రాలేదు. అడుగున రెండు మామిడిపళ్లున్నాయి.

ఆదివారం

మా ఆయన పుస్తకంలో గదుల లెక్క ఇలా ఉంది: కొండ మీద 200, ఇందులో ఒక రాత్రి వృథా. వర్దింగ్ ఐదు రాత్రులు 450. బాత్‌షీబా 120. మొత్తం 770. మొదటి రోజు నుంచే వర్దింగ్‌లో దిగి ఉంటే 660తో పోయేది అన్నాడు. బాత్‌షీబాతో కలిపా, లేకుండానా అని అడిగాను. కలిపే అన్నాడు. అప్పుడు అన్నం పెట్టాను.

ఇంటావిడ పెప్పర్ సాస్ సీసాకి నాలుగు చుట్లు ప్లాస్టిక్ చుట్టి సూట్‌కేసులో పెట్టించింది. వచ్చే ఏడాది ముందే చెబితే ఇదే వాటా ఉంచుతానంది, ఇదే ధరకి. నేను అమ్మకి చెప్పాను. అమ్మ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని చాలాసేపు తల ఊపింది. తర్వాత గేటు దాకా వచ్చి ఆగి, నా చెవిలో అంది:

"వస్తామని చెప్పు. ఆ ఫ్యాను మాత్రం బాగు చేయించమను."